ఇంటికొచ్చి థెరపీ ఇస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇదమ్మా. బాబుకి నాలుగేళ్ళు. ఆటిజం అని గుంటూరు డాక్టరు గారు చెప్పారు. నాలుగైదు మాటలకు మించి రావడం లేదు. ఫోన్ లాక్కుంటే తల నేలకేసి కొట్టుకుంటాడు, చెయ్యి కొరుక్కుంటాడు. మీరుండేది నరసరావుపేట పక్క పల్లెలో కాబట్టి వారానికి మూడుసార్లు థెరపీ సెంటర్‌కి గుంటూరు తిప్పడం మీ వల్ల కావడం లేదు. ఈలోగా ఒక ఏజెన్సీ వాళ్ళు, రోజూ ఇంటికే మనిషిని పంపిస్తాం, నెలకు 30,000, ఆరు నెలలది ముందే కట్టాలి అంటున్నారు. మీ అత్తగారేమో బాబు వాళ్ళ నాన్నకీ ఐదో ఏట గానీ మాటలు రాలేదు, ఇదంతా దండగ అంటున్నారు. ఏం చెయ్యాలి, బడికి పంపొచ్చా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఇంటి దగ్గర సాయం మంచిదే, మీలాంటి వాళ్ళకి సెంటర్ కన్నా ఎక్కువే పనికొస్తుంది. ఆ ఏజెన్సీ షరతులకు మాత్రం ఒప్పుకోకండి. నేను స్పెషల్ ఎడ్యుకేటర్ని, అంటే ఇలాంటి పిల్లలకు చెప్పే టీచర్ని. మొదట మండలంలోని భవిత కేంద్రంలో, అంటే దివ్యాంగ పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రంలో, చేశాను, ఆ తర్వాత ఇళ్ళకు వెళ్ళి చెబుతున్నాను. నాలాంటి మనిషి మీ ఇంటికి వస్తే ఆమె చెయ్యాల్సిన అసలు పని బాబుకి పాఠం చెప్పడం కాదమ్మా, బాబుతో ఎలా ఉండాలో మీ ఇంటిల్లిపాదికీ చూపించడం. ఆమె ఉండేది రోజుకో గంట. వాడు మేలుకుని ఉండే మిగతా సమయమంతా మీతో, నాయనమ్మతో, వాళ్ళ నాన్నతో గడుస్తుంది. ఆ గంటలో నేర్చుకున్నది అన్నం దగ్గరికి, స్నానానికి, పడకకి రాకపోతే మీరు కట్టిన డబ్బు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయినట్టే.

అందుకే ఏజెన్సీ వాళ్ళని మొట్టమొదట అడగాల్సింది ఫీజు సంగతి కాదు. "సెషన్ జరిగేటప్పుడు నేను పక్కన కూర్చోవచ్చా?" అని అడగండి. "మీరుంటే వాడు వినడండీ, తలుపేసుకుని చెబుతాం" అన్నారంటే అక్కడితో నమస్కారం పెట్టేయండి. మాటలు రాని పిల్లాణ్ణి కొత్త మనిషితో మూసిన గదిలో వదలకూడదన్నది ఒక కారణం. మిమ్మల్ని బయట కూర్చోబెట్టిన మనిషి మీకేమీ నేర్పలేదన్నది రెండోది. ఇక్కడ నేను మొహమాటపడను.

రోజుకి ఇన్ని గంటలు, వారానికి 40 గంటలు అని భయపెడతారు. ఆ 40 ఎక్కడిదంటే, అమెరికాలో లోవాస్ అనే సైకాలజిస్టు 1987లో ప్రచురించిన పరిశోధనది. 19 మంది చిన్నపిల్లలకు వారానికి సుమారు 40 గంటలు శిక్షణ ఇస్తే తొమ్మిది మంది మామూలు ఒకటో తరగతిలో నెగ్గుకొచ్చారని రాశాడు. ఏ పిల్లవాడు ఈ గుంపులోకి, ఏ పిల్లవాడు పోల్చి చూసే గుంపులోకి వెళ్ళాలన్నది లాటరీ పద్ధతిలో తేల్చలేదు, పైగా తప్పు చేస్తే గద్దించడం, కొట్టడం కూడా ఆ పద్ధతిలో భాగంగా ఉండేవి. ఆ సంఖ్య మాత్రం అలా ప్రచారంలో నిలిచిపోయింది. 2024లో జామా పీడియాట్రిక్స్ పత్రికలో వందకు పైగా అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. గంటలు పెరిగినకొద్దీ ఫలితం పెరుగుతుందనడానికి గట్టి ఆధారం అందులో దొరకలేదు. కాబట్టి గంటలు కొనలేకపోయామని మీరు కుమిలిపోనక్కర్లేదు.

మనకి దగ్గరగా ఉన్న ఇంకో అధ్యయనం చెబుతాను. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 2 నుంచి 9 ఏళ్ళ ఆటిజం పిల్లలు 65 మందితో చేశారు, 2016లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చింది. పెద్ద డిగ్రీలున్న వాళ్ళని కాకుండా మామూలు ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి పంపారు. ఆర్నెల్లలో 12 సిట్టింగులు, అంతే. తల్లి పిల్లాడితో ఆడుకుంటుంటే వీడియో తీస్తారు. తర్వాత కార్యకర్త, తల్లి ఇద్దరూ కూర్చుని ఆ వీడియో చూస్తారు. "ఇదిగో, ఇక్కడ వాడు మీ వైపు చూశాడు, మీరు గమనించలేదు", "ఇక్కడ మీరు ఆగారు, వెంటనే వాడే వచ్చి మీ చెయ్యి పట్టుకున్నాడు" అని తల్లికి చూపిస్తారు. ఆ తల్లిదండ్రులు పిల్లల వీలునుబట్టి స్పందించడం పెరిగింది, పిల్లలు తమంతట తాము పలకరించడమూ పెరిగింది. అద్భుతాలేమీ జరగలేదు. తల్లీ పిల్లాడూ కలిసి ఒకే వస్తువు మీద మనసు పెట్టే సమయం అయితే తగ్గింది కూడా. అయినా పన్నెండు సిట్టింగులకి అది తక్కువ ఫలితం కాదు. మీ ఇంట్లోనూ ఈ పని చెయ్యొచ్చు. ఫోన్‌ని కిటికీలో ఆనించి పది నిమిషాలు వీడియో తీసుకోండి. వారానికొకసారి వచ్చే మంచి మనిషి ఉంటే ఆమెతో కలిసి చూడండి.

ఇక ఆ మనిషి ఎవరో తెలుసుకోవడం. స్పెషల్ ఎడ్యుకేటర్లకీ స్పీచ్ థెరపిస్టులకీ రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ ఉండాలి. వాళ్ళకొక సీఆర్‌ఆర్ నంబరు ఉంటుంది, ఆ వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డీఎడ్ గానీ బీఎడ్ గానీ, స్పీచ్ వాళ్ళయితే బీఏఎస్ఎల్‌పీ. ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఆర్‌సీఐ కిందికి రారు, వాళ్ళకి బీఓటీ డిగ్రీ చూడండి. "ఆర్‌బీటీ సర్టిఫికెట్ ఉందండీ" అని కొందరంటారు. అది అమెరికా సంస్థ ఇచ్చేది, దాని వెనకున్న క్లాసు శిక్షణ 40 గంటలు. పైన ఒక సీనియర్ ఉండి నడిపిస్తుంటే ఆ అసిస్టెంటు పనికొస్తుంది, తనంతట తనే పథకం వేసే అర్హత అది కాదు. 2023 నుంచి ఆ సంస్థ మన దేశంలో ఉన్నవాళ్ళ కొత్త దరఖాస్తులు తీసుకోవడం లేదు కూడా. చాలా ఏజెన్సీల్లో ఫోన్లో మాట్లాడే మేడమ్ ఒకరు, ఇంటికొచ్చే అమ్మాయి ఇంకొకరు. వచ్చే అమ్మాయి సర్టిఫికెట్టే అడగండి.

ఆరు నెలల డబ్బు ముందే కట్టొద్దు. ఒక నెల చూస్తామనండి. మొదటి వారంలోనే మూడో నాలుగో లక్ష్యాలు తెలుగులో, మీకు అర్థమయ్యేలా రాసివ్వమనండి. "కమ్యూనికేషన్ మెరుగుపరచడం" అని రాస్తే అది లక్ష్యం కాదు. "దాహమేస్తే గ్లాసు తెచ్చి అమ్మ చేతికివ్వడం" అని రాస్తే లక్ష్యం. నెలాఖరుకి అది జరుగుతోందో లేదో మీ అత్తగారు కూడా చెప్పగలగాలి.

నయం చేస్తాం, ఆరు నెలల్లో మామూలు పిల్లాడిలా చేస్తాం అనేవాళ్ళ గురించి ఒక్క ముక్క. ముఖ్యంగా స్టెమ్‌సెల్ ఇంజెక్షన్లకు లక్షలు పొయ్యకండి. 2017 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఆమోదం పొందిన పరిశోధన కాకుండా ఆటిజానికి ఆ వైద్యం చెయ్యడమే తప్పు.

సరే, ఇంట్లో ఏం చెయ్యాలో చూద్దాం. ఉన్న పనుల్లోనే చెయ్యాలి, కొత్తగా బల్ల, కుర్చీ, ఫ్లాష్ కార్డులు ఏమీ వద్దు. మీ వాడికి జంతికలిష్టమని రాశారు. వాటిని బిగుతు మూతున్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో వెయ్యండి. వాడికి కనబడాలి, మూత మాత్రం రాకూడదు. డబ్బా తీసుకుని మీ దగ్గరికి వస్తాడు. వెంటనే తియ్యకండి. వాడి కళ్ళ ఎత్తుకి వంగి, మనసులో ఐదు లెక్కపెట్టండి. చూపు గానీ, చెయ్యి చాపడం గానీ, "ఆ" అనే శబ్దం గానీ, ఏదొచ్చినా చాలు. "తియ్యి" అని మీరే ఒక్క మాటని, మూత తీసి ఒకే ఒక్క ముక్క ఇవ్వండి. గుప్పెడు ఇచ్చేస్తే ఆట అక్కడితో అయిపోయింది. ఒక్కో ముక్క ఇస్తే పది నిమిషాల్లో వాడు మిమ్మల్ని పదిహేనుసార్లు అడుగుతాడు. "జంతిక అను, జంతిక అంటేనే ఇస్తా" అని మాత్రం వేధించకండి. మాట రాని పిల్లాణ్ణి మాట కోసం ఆకలితో కూర్చోబెడితే వాడికి మీ దగ్గరికి రావడమే విసుగైపోతుంది.

ఊయల దగ్గర కూడా ఇంతే. "ఒకటి... రెండు..." అని ఊయల పట్టుకుని ఆగండి. మూడు మీరు అనకండి. మొదట వాడు కాళ్ళాడిస్తాడు, తర్వాత మీ మొహంలోకి చూస్తాడు, ఎప్పటికో "ఊ" అంటాడు. ఈ ఆగడం నేర్చుకోవడమే పెద్దవాళ్ళకి కష్టం. మన ఇళ్ళల్లో పిల్లాడు నోరు తెరవకముందే అన్నీ నోటికందిస్తాం కదా.

నిక్కరు వేసుకోవడం లాంటి పనులు చివరి నుంచి మొదలుపెట్టి నేర్పండి. మీరే రెండు కాళ్ళూ దూర్చి, మోకాళ్ళ పైదాకా లాగి, నడుం దగ్గర చివరి జానెడు వాడి చేతులతో లాగించండి. పని పూర్తిచేసింది తనేనని వాడికి తెలుస్తుంది. అది కుదురుకున్నాక తొడల దగ్గర వదలండి, ఆ తర్వాత మోకాళ్ళ దగ్గర. మొదటి నుంచి నేర్పితే కాలు దూర్చేసరికే వాడి ఓపిక అయిపోతుంది, చివరికి మీరే తొడుగుతారు, వాడికి మిగిలేది ఏడుపు.

బొమ్మల కార్డులు చూపిస్తే మాటలు రావని మీకెవరో చెప్పారట. అది నిజం కాదు. నీళ్ళ గ్లాసు, అన్నం కంచం, బాత్‌రూమ్, బండి, వీటి ఫొటోలు మీ ఇంట్లోవే తీసి ప్రింటు వేయించి గోడకి అతికించండి. చెప్పుకునే దారి ఒకటి దొరికితే కొరకడం, తల కొట్టుకోవడం తగ్గుతాయి, మాటకి అడ్డేమీ ఉండదు. అలాగే ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, రెండు భాషలైతే పిల్లాడు తికమకపడతాడని సలహా ఇచ్చేవాళ్ళ మాట వినకండి. రెండు భాషల వల్ల ఆటిజం పిల్లల మాట వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. నాయనమ్మకి రాని భాష వాడికి నేర్పితే నాయనమ్మ వాడికి దూరమవుతుంది.

ఇప్పుడు ఫోన్ గొడవ. దీని మీదే కాస్త ఎక్కువ రాస్తాను, మీరు ఎక్కువ బాధపడుతున్నదీ దీనికే.

తల కొట్టుకోవడం మొండితనమే అనుకునే ముందు ఒంట్లో బాధేమీ లేదని తేల్చుకోండి. చెవిలో చీము, పిప్పిపన్ను, మలబద్ధకం, నిద్రలేమి. చెప్పుకోలేని పిల్లాడు నొప్పిని ఇలాగే చూపిస్తాడు. ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, కాసేపు శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం గమనిస్తే ఫిట్స్ కావచ్చు, న్యూరాలజిస్టుకి చూపించాలి. బెరా అనే వినికిడి పరీక్ష చేయించారో లేదో మీరు రాయలేదు. చేయించకపోతే థెరపీ కన్నా ముందు అది.

తర్వాత ఒక నోటు పుస్తకం తీసుకుని మూడు గళ్ళు గీయండి: ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మనమేం చేశాం. వారం రోజులు ఊరికే రాయండి, ఏమీ మార్చొద్దు. "రాత్రి ఎనిమిదిన్నర, అన్నానికి ఫోన్ లాక్కున్నాను. తల కొట్టుకున్నాడు. నాయనమ్మ ఫోన్ ఇచ్చేసింది." "పొద్దున, స్నానానికి పిలిచాను. చెయ్యి కొరుక్కున్నాడు. స్నానం వాయిదా వేశాను." ఇలా రాసుకుంటూ పోతే మీకే కనబడుతుంది. మొదటిసారి కొట్టుకోవడం వల్ల వాడికి వస్తువు దొరికింది, రెండోసారి ఇష్టంలేని పని తప్పింది. చూడ్డానికి ఒకేలాంటి గొడవ, కారణాలు వేరు, మందూ వేరు. కొందరు పిల్లలు మన దృష్టి కోసం చేస్తారు, కొందరికి ఆ అదురే హాయి. ఏదో తెలియకుండా "పట్టించుకోకండి, అదే పోతుంది" అనే సలహా పాటిస్తే ఉన్నది ముదురుతుంది.

మీ వాడి విషయం నాకు కనబడుతున్నంతలో, ఫోన్ తీసేశాక వాడికి మిగిలేది ఏమీ లేదు. కాబట్టి ఫోన్ నుంచి శూన్యంలోకి కాకుండా ఇంకో ఇష్టమైన దాంట్లోకి దింపండి. అట్టముక్క మీద రెండు ఫొటోలు పెట్టండి, ముందు ఫోన్, తర్వాత నీళ్ళ టబ్బు. నీళ్ళతో ఆటంటే ప్రాణమని రాశారు కదా. ఒక వీడియో అవగానే దానంతటదే ఇంకోటి మొదలయ్యే సెట్టింగ్ ఆపేయండి, వీడియోకి ముగింపనేది ఒకటి ఉండాలి. అది ఆగగానే అట్ట చూపించి, టబ్బు దగ్గరికి నడిపించండి. టబ్బు అప్పటికే నిండి ఉండాలి, వాణ్ణి నిలబెట్టి నీళ్ళు పట్టకూడదు.

మొదటి కొన్ని రోజులు గొడవ తగ్గకపోగా పెరుగుతుంది. ఇన్నాళ్ళూ పనిచేసిన ఉపాయం పనిచెయ్యకపోతే వాడు ఇంకా గట్టిగా ప్రయత్నిస్తాడు. అరగంట ఏడ్చాక ఎవరో ఒకరు ఫోన్ ఇచ్చేశారంటే, అరగంట ఏడవాలన్నమాట అని నేర్చుకుంటాడు. అందుకే ఇంట్లో అందరూ ఒకమాట మీదకి వచ్చాకే మొదలుపెట్టండి. పెళ్ళి, పండగ, చుట్టాలు ఉన్న వారంలో మొదలుపెట్టకండి. ఏడుపుని పట్టించుకోకపోవచ్చు గానీ దెబ్బని పట్టించుకోవాలి. తల కింద దిండో మీ అరచెయ్యో అడ్డం పెట్టండి. ఆ సమయంలో ఉపన్యాసం వద్దు, బతిమాలడం వద్దు, మొహం మామూలుగా ఉండాలి. రక్తం వచ్చేలా, వాపు వచ్చేలా కొట్టుకుంటుంటే ఇది ఇంటి వైద్యంతో పోయేది కాదు, పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళాల్సిందే.

డబ్బు లేకుండా దొరికే సాయం సంగతి. మీ మండలంలో భవిత కేంద్రం ఉంటుంది, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి. అక్కడి ఐఈఆర్‌పీలు, అంటే దివ్యాంగ పిల్లలకు చెప్పే టీచర్లు, సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద పనిచేస్తారు, బడికి రాలేని పిల్లలకు ఇంటికెళ్ళి చెప్పడం వాళ్ళ విధుల్లో ఉంది. మీ వాడికింకా బడి వయసు రాలేదు గానీ ఇప్పుడే పేరు చెప్పి పరిచయం చేసుకోండి. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వస్తుంది, వాళ్ళు జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే ప్రభుత్వ కేంద్రానికి, రాసిస్తారు. అక్కడ వినికిడి, మాట, ఫిజియో అన్నీ ఉచితం.

సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, పాత పేరు ఎన్ఐఎంహెచ్. బుద్ధిమాంద్యం లాంటి సమస్యలున్న వాళ్ళ కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1984 నుంచి ఉంది. దూరం నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడే ఉండి నేర్చుకోవడానికి కాటేజీలున్నాయి. తల్లికీ తండ్రికీ నేర్పి, ఇంట్లో చెయ్యాల్సింది రాసిచ్చి పంపుతారు. ఆ ఏజెన్సీకి కట్టే ఒక నెల డబ్బు పెట్టుకుని మీరిద్దరూ వెళ్ళి రండి, అంతకన్నా మంచి ఖర్చు నాకు తోచడం లేదు. మీ వారు తప్పనిసరిగా రావాలి. తల్లి ఒక్కతే నేర్చుకొచ్చి ఇంటికొచ్చి అందరికీ చెబితే ఎవరూ వినరు.

సదరం, అంటే వైకల్య నిర్ధారణ శిబిరానికి, స్లాట్ బుక్ చేసి సర్టిఫికెట్ తీసుకోండి. చిన్నపిల్లలకు సాధారణంగా తాత్కాలికంగానే ఇస్తారు, గడువయ్యాక మళ్ళీ పరీక్షిస్తారు. సర్టిఫికెట్ ఇస్తే పిల్లాడి మీద ముద్ర పడిపోతుందని మీ వారు అంటున్నారట. అది బీరువాలో ఉండే కాగితం, చూపించాలో వద్దో మీ ఇష్టం. వైకల్యం 40 శాతమో ఆపైనో ఉంటే మన రాష్ట్రంలో నెలకు 6,000 పెన్షన్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా ఆటిజం పిల్లలకు ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ బిల్లులకు కూడా కొంత వస్తుంది. బిల్లులు లేకుండా నగదు తీసుకునే ఏజెన్సీ వల్ల ఇదొక నష్టం. మీ వారు పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కడుతుంటే వైకల్యమున్న పిల్లాడి పోషణ కింద (1961 చట్టంలో 80డీడీ) 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000 మినహాయింపు ఉంది.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆలస్యంగా మాటలొచ్చే పిల్లలు ఉన్నారు, ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. కానీ మీ వాడు పిలిస్తే తిరగడు, వేలు పెట్టి చూపించడు. అది మాట ఆలస్యం ఒక్కటే కాదు. ఇది ఆవిడకి డాక్టరు చెబితే మేలు, కోడలు చెప్పడం కన్నా. ఆవిడకి బోధించే బదులు ఒక పని అప్పగించండి. ఊయల దగ్గర "ఒకటి, రెండు" అని ఆగే పని ఆవిడదే అనండి. నేను వెళ్ళిన ఇళ్ళల్లో ఇలాంటి పని చాలాసార్లు నాయనమ్మలే అందరికన్నా బాగా చేశారు. వాళ్ళకి తొందర ఉండదు.

బడి గురించి. పంపండి. ఇంటికొచ్చే సాయం బడికి బదులు కాదు. ఇప్పుడు అంగన్‌వాడీకి రోజూ గంట చొప్పున మొదలుపెట్టండి, మొదట్లో మీరూ కూర్చోండి. దివ్యాంగ చిన్నారుల కోసం 2023లో కేంద్రం అంగన్‌వాడీలకు ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది, టీచరుకి తెలియకపోతే సూపర్‌వైజరుని అడగండి. ఆరేళ్ళు నిండాక వైకల్యం 40 శాతమో ఆపైనో ఉంటే, 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం దగ్గర్లోని బడిలో 18 ఏళ్ళ దాకా ఉచితంగా చదువుకునే హక్కు వాడికుంది. "మీవాణ్ణి మేం చూసుకోలేమండీ" అని నోటిమాటగా పంపించేస్తే, అదే ముక్క కాగితం మీద రాసిమ్మని అడగండి. రాసివ్వడానికి సాధారణంగా ఎవరూ ముందుకు రారు. రాసిస్తే ఆ కాగితం ఎంఈఓ గారి దగ్గరికి తీసుకెళ్ళండి.

బెరా రిపోర్టు వచ్చాక, ఆ వారం రోజుల నోటు పుస్తకం పేజీలతో కలిపి రాయండి. ఫోన్‌తో మొదలుపెట్టాలో స్నానంతో మొదలుపెట్టాలో అప్పుడు చెబుతాను.